పంతులు మమ్మల్ని కొలిచిన వానాకాలం

నా మనవరాలికి కామారెడ్డి పక్కన రాజంపేట దిక్కు ఒక బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. బడులు తెరిచే ముందు కొత్తవాళ్లందరినీ కూర్చోబెట్టి ఏదో శిక్షణ ఇచ్చారట. ఇంటికి రాగానే చెప్పు ఒకటి వాకిట్లో, ఇంకోటి గడపలో విడిచి, వచ్చి నా మంచం మీద కూలబడింది.

"మొదటి వారం పాఠాలు చెప్పుడు వద్దంట అమ్మమ్మా. పిల్లలు మనకు మాలిమి కావాలంట. ఎట్ల చేస్తరు మాలిమి? పోయి వాళ్లతోటి గోలీలాడాల్నా?" అన్నది.

"గోడకు నిలబెట్టి ఎవరెంత పొడుగున్నరో కొలువు" అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. ముసలిదానికి మతి పోయిందనుకుంది. పళ్లు పోయాయి, చూపు సగం పోయింది, మతి మాత్రం ఉన్నచోటే ఉంది. నువ్వు అడిగావు కాబట్టి విను అని చెప్పడం మొదలుపెట్టాను. అది మధ్యలో రెండుసార్లు ఫోను చూసుకుంది. అయినా నేను ఆపలేదు.

మా ఊరు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే బాటకు కొంచెం లోపలగా ఉండేది. ఉండేది అంటున్నాను కానీ ఊరు ఇప్పటికీ అక్కడే ఉంది, నేను చెప్పే ఊరు మాత్రం లేదు. ఆ ఊళ్లో తెల్లవారితే విసుర్రాయి చప్పుడు, పొద్దుగూకితే పిడకల పొగ. బెల్లం కుండ మూత తీస్తే వాసన ఇల్లంతా తెలిసిపోయేది. అందుకని అవ్వ, అంటే మా బాపు తల్లి, ఆ కుండను ఉట్టి మీద పెట్టి ఉట్టి కింద తాను పడుకునేది. అయినా మేము దొంగిలించేవాళ్లం. తమ్ముణ్ణి నా భుజాల మీద నిలబెడితే వాడి చేయి సరిగ్గా కుండలోకి పోయేది. పెద్ద ముక్క తాను తీసుకొని చిన్నముక్క నాకిచ్చేవాడు. మగపిల్లవాడు కదా, అప్పుడే నేర్చాడు.

వాడికి నడక రాక కాదు, నడవడు. బడికి పోవాలంటే నా చంక ఎక్కాలి. బడిలో నేను కనబడకపోతే ఏడుపు అందుకునేవాడు. ఒక్క కొడుకు, వాణ్ణి చదివించాలని బాపుకు ఆశ. వాడి వెంట నన్ను పంపక తప్పలేదు. అదీ నేను బడికి పోయిన సంగతి. వాణ్ణి ముందు కూర్చోబెట్టి నేను గడప దగ్గర కూర్చునేదాన్ని. బడి లెక్కలో నేను లేను. వాడి పలక ఎట్లాగో నేనూ అట్లాగే, వాడితో వచ్చి వాడితో పోవాలి. కానీ గడప దగ్గర మట్టి మెత్తగా ఉండేది. పంతులు చెప్పిన అక్షరాన్ని వేలితో ఆ మట్టిలో దిద్ది, ఎవరైనా వస్తే అరచేత్తో చెరిపేసేదాన్ని. అట్లా గుణింతాలు సగం దాకా వచ్చేశాయి. ఈ సంగతి మా ఇంట్లో తమ్ముడికి ఒక్కడికే తెలుసు. నా వాటా బెల్లం కూడా వాడికే ఇచ్చి నోరు మూయించాను.

బడి అంటే చావడి పక్కన ఒక పెంకుల కొట్టం. అంతకుముందు ఉన్న పంతులు పలక కంటే ముందు చింత బరిగె పట్టుకునేవాడు. ఎవరైనా రాకపోతే పెద్దపిల్లలు నలుగురు పోయి, కాళ్లూ చేతులూ పట్టుకొని వాణ్ణి ఊరి నడుమ నుంచి మోసుకొచ్చేవాళ్లు. మోసుకొస్తున్నంతసేపూ వాడు ఊరందరినీ తిట్టేవాడు. ఆ తిట్లు మాత్రం మాకు ఒక్కసారికే వచ్చేవి. దూలానికి తాడు కట్టి, దానికి పిల్లల్ని వేలాడదీసే శిక్ష కూడా ఉండేది. ఒక పిల్లవాడు ఆ తాడును చూస్తేనే నిక్కరు తడుపుకునేవాడు.

తొలి వానలు పడే మిరుగం కార్తెలో ఆ పంతులు బదిలీ మీద పోయి కొత్త పంతులు వచ్చాడు. మిరుగం రోజు అవ్వ అందరి నోట్లో ఇంగువ, బెల్లం కలిపిన ముద్ద పెట్టేది. ఆ ఘాటుకు కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చంకలో తమ్ముడితో బడికి పోయాను. కొత్త పంతులు పడుచువాడు. నల్ల షేర్వానీ, కుచ్చు ఉన్న ఎర్ర టోపీ. బిచ్కుంద దిక్కు మనిషి. తల్లిది మరాఠీ కావడంతో ఆయన తెలుగులో ఆ మాటలు దొర్లేవి. "కాయ్ రే, నీ పేరేంది?" అని మొదటి వరుసలో ఉన్నవాణ్ణి అడిగాడు. వాడు నేల చూశాడు. పక్కవాణ్ణి అడిగాడు. వాడూ నేలే చూశాడు. మూడోవాడు భయంలో తన పేరు మరిచి తండ్రి పేరు చెప్పాడు.

ఆ రోజు మధ్యాహ్నం పంతులు దూలానికి ఉన్న తాడు విప్పి, బావిలో చేద కోసం చావడి పనులు చూసే మస్కూరికి ఇచ్చేశాడు. బరిగెలన్నీ ముక్కలు చేసి పొయ్యిలో పెట్టి అన్నం వండుకున్నాడు. పిల్లలు కిటికీలోంచి చూశారు. చూసి సంతోషించారా అంటే అదీ లేదు. "ఇంక లావు బరిగె తెచ్చుకుంటడు కావచ్చు" అని చెప్పుకున్నారు. మరునాడు సగం మందే వచ్చారు. పాపం, ఆయన పాటలు పాడాడు, పక్షుల కూతలు కూశాడు. పిల్లలు తలెత్తలేదు. కొట్టే పంతుల్ని ఎరుగుదుము, కూతలు కూసే పంతుల్ని ఎరుగం. ఈయన ఎప్పుడేం చేస్తాడో అని ఇంకా భయపడ్డాం.

ఒకరోజు వాన కొడుతుంటే ఇద్దరు పిల్లలు చూరు కింద కలబడ్డారు. నేను పొడుగంటే నేను పొడుగని. మేమంతా ఊపిరి బిగబట్టాం. పంతులు లోపలినుంచి వచ్చి ఇద్దరినీ విడదీసి, "గొడవ ఎందుకు రే, కొలిస్తె తెలుస్తది గద" అన్నాడు. ఒక్కొక్కణ్ణీ గోడకు నిలబెట్టాడు. పలకను అడ్డంగా తల మీద ఆనించి, బొగ్గుతో గీత గీసి, గీత పక్కన వాడి పేరు రాశాడు. ఆ రోజుల్లో సర్కారు రాతకోతలన్నీ ఉర్దూలోనే. కానీ ఆ గోడ మీద ఆయన తెలుగులో రాశాడు.

ఇక చూడాలి. మమ్మల్ని కొలువంటే మమ్మల్ని కొలువని గోడ దగ్గర తోపులాట. ఒకడు మునివేళ్ల మీద లేచాడు. ఒకడు కాళ్ల కింద మోదుగ ఆకులు మడిచి పెట్టుకున్నాడు. ఇంకొకడు పిలకను పైకి ముడేసి నిలబెట్టి వచ్చాడు. "జుట్టును కాదు రే, నిన్ను కొలుస్తున్న" అని పంతులు ఆ ముడిని నొక్కేసరికి అందరం ఒక్కసారి నవ్వాం. ఆ కొట్టంలో పిల్లల నవ్వు నేను వినడం అదే మొదలు. "ఎండకాలం సెలవులకు ముందు మళ్ల కొలుస్త. ఎవలెంత పెరిగిండ్రో చూద్దాం. నడుమల ఎవలూ బడి ఇడిచిపెట్టొద్దు" అన్నాడు. ప్రతివాడూ తన పేరు చూసుకున్నాడు, పక్కవాడి పేరు చూశాడు. నా అక్షరం నీ పేరులోనూ ఉందే అని వాదించుకున్నారు. చెప్పకుండానే చదువు మొదలైంది.

తమ్ముడి గీత అందరికంటే కింద. నేను వాణ్ణి ఎత్తుకొని దింపి, దింపి ఎత్తుకొని నిలబడ్డాను. నన్నెవరూ పిలవలేదు. నా గీత ఎక్కడ పడుతుందో కంటితోనే చూసుకున్నాను. పిలక ముడేసుకున్నవాడి కంటే పైనే పడేది.

ఆ సాయంత్రం అవ్వ జొన్నరొట్టెలు చేస్తున్నది. తమ్ముడు ఎప్పుడూ అర రొట్టె తిని పారిపోయేవాడు, ఆ రోజు ఇంకోటి కావాలన్నాడు. పచ్చిపులుసు గిన్నె కూడా దగ్గరికి లాక్కున్నాడు.

"ఇయ్యాల ఏమైందిరా నీకు, గంత ఆకలి?" అన్నది అవ్వ.

"నేను పెరగాలె. పంతులు నన్ను గోడకు నిలబెట్టి కొలిచిండు. పేరు గూడ రాసిండు" అన్నాడు వాడు నోటి నిండా రొట్టెతో.

అవ్వ చేతిలో పిండి ముద్ద అట్లాగే ఆగిపోయింది. పెనం మీద రొట్టె మాడుతున్నా చూడలేదు. "కొలిచిండా? అందర్ని కొలిచిండా? పేర్లు రాసిండా?" అని నన్నడిగింది. అవునన్నాను. అవ్వ లేచి పోయి తలుపు గొళ్లెం పెట్టింది. ఇంకా పొద్దు కూడా గూకలేదు.

అవ్వకు ఒక తమ్ముడుండేవాడట. ఆ సంగతి ఆ రోజు దాకా మాకు తెలియదు. వెనకటి లడాయి, అంటే మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బెల్లం బండితో కామారెడ్డి పోయాడు. రైలు చూద్దామని అవ్వ కూడా బండెక్కింది. స్టేషను దగ్గర ఎవరో మనుషులు గీతలున్న కర్రకు పడుచువాళ్లను నిలబెట్టి కొలుస్తున్నారు. ఈయన పొడగరి, నవ్వుకుంటూ పోయి నిలబడ్డాడు. పేరు రాసుకున్నారు.

"పొడుగున్నడని తారీఫ్ చేసిండ్రు. నేను గూడ నవ్విన. తెల్లారి రైలెక్కిచ్చిండ్రు. బస్రా అన్నరు. ఆ బస్రా ఏడున్నదో, వాడు ఏడున్నడో. ఇయ్యాల్టికి ఒక్క కబురు లేదు" అన్నది అవ్వ. ఆమె ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయిన మనిషిలా మాట్లాడింది. "ఇప్పుడు మళ్ల లడాయి నడుస్తున్నదట. గా టోపాయన పంతులు గాదు. లష్కర్ కోసం మనుషులను ఏరుకొని పోను వచ్చిండు."

తమ్ముడికి అప్పుడు అయిదేళ్లు. వాణ్ణి ఏ లష్కరు ఏం చేసుకుంటుందని బాపు నవ్వబోయాడు. "ఇప్పుడు రాస్కపోతరు, పెరిగినంక పట్టుకపోతరు. పెరుగుతడా లేదా అనే గద మళ్ల కొలుస్త అంటున్నడు" అన్నది అవ్వ. బాపు నవ్వు ఆగిపోయింది. అవ్వ చెప్పిన తీరు అట్లా ఉంది మరి.

తెల్లవారి బావి దగ్గర అవ్వ ఒక్క ఇద్దరికే చెప్పింది. ఊరికి అంత చాలు. పొద్దెక్కేసరికి ఊళ్లో పిల్లవాడన్నవాడు కనబడలేదు. పంతులు కాసేపు ఖాళీ బడిలో కూర్చొని, తర్వాత ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. ఏ ఇంటికి పోయినా ఒకటే జవాబు. పిల్లగాడు మ్యానమామ ఊరికి పోయిండు. ఊళ్లో పిల్లలందరికీ ఒకే పొద్దున మేనమామలు గుర్తుకొచ్చారన్నమాట.

మా ఇంటికి ఆయన వస్తున్నది చూసి అవ్వ తమ్ముణ్ణి ఎత్తి వడ్లు పోసే ఖాళీ గుమ్మిలో దించింది. పంతులు వాకిట్లో నిలబడ్డాడు. "మీ మనుమడు లేడా?" అని అడిగాడు.

"మ్యానమామ ఇంటికి పోయిండు" అన్నది అవ్వ.

అప్పుడే గుమ్మిలోంచి తుమ్ము వినబడింది. ఒకటి కాదు, వరుసగా. దుమ్ములో వాడు మాత్రం ఏం చేస్తాడు. పంతులు గుమ్మి వైపు చూసి, అవ్వ వైపు చూసి, టోపీ సర్దుకున్నాడు. "మ్యానమామ ఇంటికాడ గాలి సల్లగున్నట్టుంది. పైలంగ చూస్కోమనుండ్రి" అని తిరిగి పోయాడు. ఆయన పోయే తీరు వెనకనుంచి చూస్తే నాకు దుఃఖం వచ్చింది. అంత నామోషీ పడిన మనిషిని అప్పటిదాకా చూడలేదు.

అట్లా రోజులు గడిచాయి. వానలు బాగా పట్టాయి. పిల్లలు పొలం గట్ల మీద పీతలు పట్టారు, మడుగుల్లో దూకారు, పంతులు కనబడితే గడ్డివాముల్లో దూరారు. బడి మానడం వాళ్లకు పండుగే. తమ్ముడు కూడా గుమ్మిలోంచి బయటికి వచ్చి, బెల్లం అక్కడ దాచుకోవచ్చని కనిపెట్టాడు. వాడికి బడి పోయినా బెంగ లేదు, రేపు కాకపోతే ఎల్లుండి బాపు వాణ్ణి ఇంకో ఊరి బడిలో వేస్తాడు. నాకు అట్లా ఎవరు వేస్తారు? వాడు పోకపోతే నా గడప పోయినట్టే.

ఒక రాత్రి అన్నం తింటూ బాపు అన్నాడు. "పట్వారి చెప్పిండు. ఖాళీగున్న బడిని సర్కారు ఎన్నొద్దులు ఉంచుతది? నాగిరెడ్డిపేట దిక్కు తీసుకపోతరట. పోతె పోనీ. నాట్లకు మనుషులు దొరుకుతలేరు. రేపటిసంది పొల్లను పొలంకాడికి పంపు, నారు అందిస్తది." అమ్మ సరేనన్నది. నన్నెవరూ అడగలేదు. బాపూ, నాకు సగం గుణింతం వచ్చు, మిగతా సగం రావాలి అని చెప్పాలనుకున్నాను. చెప్పకుండానే గిన్నె తీసుకొని లేచాను.

మరునాడు పొలానికి సద్దిమూట పట్టుకొని బయలుదేరి, బడి దారిన పోయాను. పంతులు కొట్టం ముందు ఒంటరిగా రొట్టె కాల్చుకుంటున్నాడు. షేర్వానీ లేదు, టోపీ లేదు. ధోవతి, బనియనులో మా చిన్నబాపులా మామూలు మనిషిగా ఉన్నాడు. రొట్టె ఒకపక్క పచ్చి, ఒకపక్క మాడు.

"మంట తగ్గియ్యాలె" అన్నాను.

ఆయన తలెత్తి చూశాడు. ఇన్నాళ్లకు బడి దగ్గరికి వచ్చిన పిల్లను నేనే. "నువ్వు మ్యానమామ ఇంటికి పోలేదా?" అన్నాడు.

నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపు కూడా వచ్చింది. ఉన్నదంతా చెప్పేశాను. లడాయికి ఏరుకుపోవడానికే కొలిచావని మా అవ్వ అన్నదని చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వాడు. "అరే, తుమ్మే సిపాయిని ఎవలన్న తీస్కపోతరా" అన్నాడు. అప్పుడు అవ్వ తమ్ముడి సంగతి చెప్పాను. కామారెడ్డి స్టేషను, గీతల కర్ర, తారీఫ్, బస్రా. నవ్వు ఆగిపోయింది. రొట్టె పొయ్యిలో పడి కాలిపోతున్నా తీయలేదు.

"పిల్లలకు భయం పోవాలని చేసిన. పెద్దోళ్లకు భయం పెట్టిన" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. టోపీ లేకుండా వస్తే మొదట ఎవరూ గుర్తుపట్టలేదు. అవ్వ అరుగు మీద కూర్చొని చుట్ట కాలుస్తున్నది. ఆయన కింద మెట్టు మీద కూర్చున్నాడు. లడాయి మాట ఎత్తలేదు, బడి మాట ఎత్తలేదు. "ఆయీ, మీ తమ్మునిది ఏమి పేరు?" అని అడిగాడు. వాళ్ల దిక్కు తల్లిని అట్లా పిలుస్తారట.

అవ్వ చేతిలో చుట్ట ఆరిపోయింది. తర్వాత పేరు చెప్పింది. ఆ పేరు ఆమె నోట మేమెప్పుడూ వినలేదు. ఒక్కసారి పేరు వచ్చాక మిగిలినవన్నీ వాటంతట అవే వచ్చాయి. చిన్నప్పుడు ఆయన జీడిగింజల రసంతో చేతుల మీద బొమ్మలు వేసుకొని ఒళ్లంతా బొబ్బలు తెచ్చుకున్నది, రాత్రి పొలం కాపలాకు పోతే దయ్యాలకు భయపడి అక్కను కూడా తోడు తీసుకుపోయేది, అక్కకు పెళ్లయి పోతుంటే బండి వెనక ఊరి పొలిమేర దాకా ఉరికింది. పంతులు ఊఁ కొడుతూ విన్నాడు. దీపాలు పెట్టారు. అమ్మ రొట్టె, పచ్చిపులుసు తెచ్చి ఆయన ముందు పెట్టింది. బాపు వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డాడు, తన మేనమామ సంగతులు తానూ మొదటిసారే వింటున్నాడు.

"ఎంత పొడుగుంటుండె?" అని అడిగాడు పంతులు.

అవ్వ లేచి నిలబడింది. చెయ్యి తల మీదికి ఎత్తి, ఇంకొంచెం ఎత్తి, గాలిలో ఒకచోట ఆపింది. "గింత" అన్నది. ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది. అప్పుడు ఏడ్చింది అవ్వ. ఇన్నేళ్లలో ఆయన ఎంత పొడుగున్నాడని ఆమెను ఎవరూ అడగలేదు.

పంతులు పోతూ పోతూ ఒక్క మాట అన్నాడు. "నేను లష్కర్ మనిషిని కాదు ఆయీ. బిచ్కుందల మా అమ్మ గూడ నన్ను ఏటేట తలుపుకు నిలబెట్టి కొలుస్తుండె. గదే తెలుసు నాకు." అవ్వ ఆరిన చుట్టను మళ్లీ ముట్టించుకున్నది.

తెల్లవారి అవ్వ స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని, చేతికర్ర పట్టుకొని బయలుదేరింది. ఎటు పోతున్నావంటే చెప్పలేదు. తమ్ముణ్ణి చంకనేసుకొని నేను వెనకాల ఉరికాను. ఆమె వీధి నడుమ పోతుంటే ఒక్కొక్క ఆడమనిషి వెంట వచ్చింది. అవ్వ నేరుగా బడిలోకి పోయి గోడకు ఆనుకొని నిలబడింది. కర్ర పక్కన పెట్టింది. వంగిన నడుమును ఎంత నిటారు చేయగలదో అంత చేసింది.

"నన్ను కొలువు పంతులూ. లడాయికి తీస్కపోతె నన్నే ముందు తీస్కపో. పోయి వాన్నన్న ఎతుక్కొస్త" అన్నది.

పంతులు పలక తీసుకొని ఆమె తల మీద ఆనించి గీత గీశాడు. పేరు రాశాడు. అవ్వ తిరిగి చూసుకున్నది. తన గీత పిలక పిల్లవాడి గీత కంటే కొంచెమే పైన ఉంది. "ఓసి, నేను గింతేనా?" అన్నది. అప్పుడు ఆడవాళ్లందరూ నవ్వారు. నవ్వుతూ కొంగులతో కళ్లు తుడుచుకున్నారు.

"ఇంకొక గీత గియ్యి" అన్నది అవ్వ. రాత్రి ఎత్తినట్టే చెయ్యి ఎత్తి గోడ మీద పెట్టింది. పంతులు ఆ చేతి దగ్గర గీత గీసి, రాత్రి విన్న పేరు రాశాడు. అవ్వకు చదువు రాదు. ఆ పేరును వేలితో ముట్టుకొని, "గిట్లుంటదా వాని పేరు" అన్నది. తర్వాత చాలా నెలలు పిల్లలు ఆ గీతను అందుకోవాలని ఎగిరేవాళ్లు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే పోయి తమ పిల్లల్ని పట్టుకొచ్చారు. గడ్డివాముల్లోంచి, చెట్ల మీదినుంచి, మేనమామల ఇండ్లలోంచి వచ్చేశారు అందరూ. కొట్టం నిండిపోయింది. తమ్ముడు వాడి గీత దగ్గరికి పోయి, పెరిగానా అని చూసుకున్నాడు. వారాలు కూడా కాలేదు, ఏం పెరుగుతాడు. అయినా పెరిగానని ఊరంతా చెప్పుకున్నాడు.

అవ్వ పోబోతూ నా చెయ్యి పట్టుకున్నది. "గీ పొల్ల గీత ఏది?" అని పంతుల్ని అడిగింది.

పంతులు గోడ చూశాడు, నన్ను చూశాడు. "ఈ పిల్ల తమ్ముని కోసం వస్తది ఆయీ" అన్నాడు. అంటూనే ఆగిపోయాడు. గడప దగ్గర మట్టిలో నా వేలి రాతలు ఆయన చూసే ఉంటాడు. "రా" అన్నాడు.

తమ్ముణ్ణి కిందికి దింపాను. వాడు ఎందుకో ఆ ఒక్కసారి ఏడవలేదు. గోడకు ఆనుకున్నాను. తడిసిన మట్టిగోడ వీపుకు చల్లగా తగిలింది. పలక తల మీద ఆనింది. బొగ్గు గీసిన చప్పుడు చెవి పక్కన వినబడింది. మునివేళ్ల మీద లేవలేదు నేను, ఎంత ఉన్నానో అంతే నిలబడ్డాను. పంతులు నా పేరు అడిగాడు. చెప్పాను. ఆయన రాయబోతుంటే, "నేను రాస్త" అన్నాను. నోట్లోంచి ఎట్లా వచ్చిందో తెలియదు. బొగ్గు నా చేతికి ఇచ్చాడు. గుణింతాలు సగమే వచ్చు కదా, నా పేరులోని ఒక అక్షరం దగ్గర ఆగాను. ఆయన గాలిలో వేలితో చూపించాడు, నేను గోడ మీద రాశాను. అవ్వ వెనక నిలబడి చూస్తున్నది. ఆమె వెనక, పొలం నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చిన బాపు నిలబడి ఉన్నాడు. ఆయన ఎంతసేపటి నుంచి అక్కడున్నాడో నాకు తెలియదు.

బాపు పొలానికి తిరిగిపోయాడు. రాత్రి అన్నం దగ్గర కూడా ఆ మాట ఎత్తలేదు. నేను నారు అందించడానికి పోవాల్సిందేనని అనుకొని పడుకున్నాను. నిద్ర పట్టలేదు.

పొద్దున తమ్ముణ్ణి ఎత్తుకోబోతుంటే బాపు ఎడ్లను విప్పుతూ అన్నాడు. "వాన్ని దింపు. ఇయ్యాలటిసంది అవ్వ తోల్కొస్తది, లేకుంటే నడుస్తడు. నువ్వు పో. నీకు బడి యాల్లయితుంది."

నీకు అన్నాడు. ఆ బడికి నేను రెండు వానాకాలాలుగా పోతున్నాను. అది నా బడి అని మా ఇంట్లో ఒకరు అనడం అదే మొదలు. అమ్మ ఏదో అనబోయింది, నాట్ల మాటే అయ్యుంటుంది. "నాట్లకు నేను మనుషులను చూస్త" అన్నాడు బాపు, ఎడ్ల వైపే చూస్తూ.

ఆ పంతులు మరుసటి ఏడాదికి బదిలీ మీద పోయాడు. తర్వాత ఏమైపోయాడో తెలియదు. నా చదువు నాలుగో తరగతి దాకా సాగింది, ఆ రోజుల్లో మా ఊళ్లో ఆడపిల్లకు అది చాలా పెద్ద మాట. ఆ కొట్టం కూలిపోయింది. అవ్వ పోయింది, బాపు పోయాడు, బెల్లం దొంగ తమ్ముడూ పోయాడు. కానీ ఆ పొద్దుటి నడక మాత్రం నా కాళ్లకు ఇంకా తెలుసు. చంకలో బరువు లేక ఒక పక్కకు ఒరిగిపోతూ, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకు కట్టుకుంటూ, బడి దాకా ఒక్కదాన్నే నడిచాను.